ఒకే గేటు - రెండు బడులు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి వచ్చిన తల్లిదండ్రులు, వాడ కార్యకర్తల ముందు ఒక ప్రభుత్వ హైస్కూలు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు మీద మాట్లాడమన్నారు. చదువు మీద మాట్లాడేవాళ్ళకు మనకేమీ కరువు లేదు. ఏ మీటింగుకు పోయినా "మీ పిల్లల్ని బాగా చదివించండి" అంటారు. మన తల్లులు చదివించకుండా ఉండారా? కూలికి పోయే ముందు పిల్లోడికి తలదువ్వి, సంచి తగిలించి పంపిస్తానే ఉండారు. బడికి పంపేవరకు మన పని. గేటు లోపలికి పోయినాక వాడికి ఏం అందుతా ఉంది అన్నదే నేను ఈ రోజు చెప్పదలచుకున్నది.

ప్రైవేటు బడికీ సర్కారు బడికీ ఉండే తేడా మీకు తెలుసు. దాన్ని నేను మళ్ళీ చెప్పను. ఒకే సర్కారు హైస్కూల్లో, ఒకే గేటు లోపల, ఒకే గంటకు లోపలికి పోయిన పిల్లల్లో కొందరికి ఒక చదువు, కొందరికి ఇంకో చదువు అందుతా ఉంది. ఈ తేడా బయటికి కనపడదు. యూనిఫాం ఒకటే. అన్నం ఒకటే. పుస్తకాలు ఒకటే. అందుకే దీని మీద ఎవరూ కొట్లాడలేదు.

గీత ఎక్కడికి జరిగింది?

మన తాతల కాలంలో గీత గేటు బయటే ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అప్పుడు మనది మద్రాసు రాజధాని. ఊరి బడిలోకి మాల, మాదిగ పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. 1920లలో మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్టుమెంటు కింద పంచముల పిల్లలకు వేరే బడులు నడిపింది. ముసలోళ్ళు "లేబర్ స్కూలు" అనేది వాటినే.

తర్వాత గీత గది లోపలికి వచ్చింది. బాబాసాహెబ్ సతారాలో చదువుకునేటప్పుడు ఇంటి నుంచి గోనెపట్ట తెచ్చుకొని వేరుగా కూర్చోవాల్సి వచ్చింది. దాహమైతే కొళాయి తాను ముట్టుకోకూడదు, బడి ప్యూను వచ్చి తిప్పాల. ఆ తర్వాత బొంబాయిలో హైస్కూలు చదువు. సంస్కృతం చదువుకుంటానంటే చెప్పేదానికి అయివారు ఒప్పుకోలేదు. విధిలేక పర్షియన్ భాష తీసుకున్నాడు. ఆలోచించండి అన్నా! బడిలో చేర్చుకున్నారు. హాజరుపట్టీలో పేరు రాసుకున్నారు. కానీ ఒక సబ్జెక్టు మాత్రం చేతికందనియ్యలేదు. గేటు తెరిచి లోపల తలుపు మూయడమంటే ఇదే. ఆ పిల్లోడే 1907లో మెట్రిక్ పాసై, తర్వాత ఈ దేశానికి రాజ్యాంగం రాసినాడు. అందులో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

ఇప్పుడు ఏ అయివారూ మన పిల్లోడికి గోనెపట్ట ఇచ్చి వేరుగా కూర్చోబెట్టడు. అట్లా చేస్తే కేసవుతాదని తెలుసు. మరి గీత పోయిందా? పోలేదు. అది రెండు కాగితాల్లోకి దూరింది. ఒకటి సెక్షన్ లిస్టు. రెండోది టైంటేబుల్.

లిస్టు ఎట్లా తయారవుతుంది?

జూన్‌లో ఆరో తరగతికి పిల్లలొస్తారు. రెండు దారుల్లో వస్తారు. ఒకరు అయిదో తరగతి దాకా కాన్వెంటులో చదివి, ఫీజు కట్టలేకనో, ఊళ్ళో హైస్కూలు దగ్గరనో ఇటు వచ్చినవాళ్ళు. రెండోవాళ్ళు ఆది ఆంధ్రవాడ నుంచి, సుగాలి తండా నుంచి, ఒకే అయివారు అయిదు తరగతులకూ చెప్పే బడి నుంచి వచ్చినవాళ్ళు. మొదటి వారంలో చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు చదవమంటారు, భాగారాలు చెయ్యమంటారు. చేసినోళ్ళు 'ఏ' సెక్షన్. చెయ్యలేనోళ్ళు 'బి' సెక్షన్. 'సి' కూడా ఉంటే అది ఇంకా కిందికి.

లిస్టు రాసినాయన కులం చూడలేదంటాడు. నిజమే కావచ్చు. అయినా ఆ 'బి' సెక్షన్ హాజరుపట్టీ తీసి పేర్లు చదవండి. మాలలు, మాదిగలు, సుగాలీలు, ఎరుకల, యానాది పిల్లలు, వడ్డెరలు, దూదేకులోళ్ళు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పేద ముస్లింల ఆడపిల్లలు. కులం చూడకుండా రాసిన లిస్టు కులం చూసి రాసినట్టే ఎట్లా వచ్చింది? పరీక్ష కొలిచింది పిల్లోడి తెలివిని కాదు. అయిదేళ్ళు వాడికి ఎంతమంది అయివార్లు దొరికినారు అన్నదాన్ని కొలిచింది.

మన మూడు ప్రాంతాల్లోనూ దీనికి తోడు ఇంకో కారణం ఉంది. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పేరున్నది. కోత మొదలైతే తల్లి తోటకు పోతుంది, పెద్దపిల్ల చంటిబిడ్డను చూసుకుంటా ఇంట్లో ఉంటుంది. హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గిన పిల్లను సెక్షన్ మారుస్తారు. కుప్పం నుంచి తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోయే నాయనలు ఎంతమంది! వాళ్ళు ఇల్లు చేరేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఆ కుప్పంలోనే ఇంట్లో తమిళమో, కన్నడమో మాట్లాడే పిల్లలున్నారు. పుస్తకంలో తెలుగే వాళ్ళకు పరాయి భాష, దాని మీద ఇంగ్లీషు. ఆ పిల్ల నోరు తెరవకపోతే "మందబుద్ధి" అని రాస్తారు. మూడు భాషలు చెవిన పడిన పిల్ల మందబుద్ధి ఎట్లయింది? అదే కుప్పంలో ద్రావిడ భాషల కోసం 1997లో విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం. దాని గేటుకు దగ్గర్లో ఉండే పిల్ల భాషను మాత్రం బడి లెక్కలోకి తీసుకోదు.

పుంగనూరు పొట్టి ఆవు సంగతి మీకు తెలుసు. 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి ఆ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. సంతోషమే, మన ఊరి పేరు ఢిల్లీ దాకా పోయింది. మన ఊరి 'బి' సెక్షన్ పిల్లోడు మాత్రం పదో తరగతి దాటి చిత్తూరు దాకా కూడా పోలేకపోతున్నాడు.

టైంటేబుల్లో ఏముంది?

ఇప్పుడు రెండో కాగితం. ఇది చాలా ముఖ్యం, జాగ్రత్తగా వినండి.

ఒక హైస్కూలుకు లెక్కల టీచర్లు ఇద్దరుండాల, ఒకరే ఉన్నారనుకోండి. ఇంగ్లీషు పోస్టు ఖాళీ. హెడ్మాస్టరు ఏం చేస్తాడు? జిల్లా ఆఫీసు నుంచి ఆయన్ని అడిగేది ఒకటే: పదిలో పాస్ శాతం ఎంత, అయిదు వందల పైన ఎందరికొచ్చినాయి? అందుకని ఉన్న ఒక్క లెక్కలాయన్ను 'ఏ' సెక్షన్‌కు వేస్తాడు. 'బి' సెక్షన్ లెక్కల పీరియడ్‌కు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. ఒకరోజు డ్రిల్లు మాస్టరు, ఒకరోజు హిందీ పండితుడు, ఇంకోరోజు ఎవరూ రారు. కాగితం మీద అక్కడ కూడా "లెక్కలు" అనే ఉంటుంది.

కూలి లెక్క చేసినట్టు దీన్ని కూడా లెక్క చేద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాల. రోజుకు ఒక్క లెక్కల పీరియడ్ పోయిందంటే ఏడాదికి 220 పీరియడ్లు పోయినట్టు. అదే లెక్కన ఆరు నుంచి పది దాకా అయిదేళ్ళకు 1,100 పీరియడ్లు. ఇంత బాకీ పడిన పిల్లోడిని 'ఏ' సెక్షన్ పిల్లోడి పక్కన కూర్చోబెట్టి ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. వాడు తప్పితే "వాడికి లెక్కలు రావు" అంటారు. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, లెక్కలు చెప్పేవాడే వాడి దగ్గరికి రాలేదు.

పదో తరగతికి వచ్చినాక ఇంకా ఘోరం. 'ఏ' సెక్షన్‌కు పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు, పాఠం మొత్తం. 'బి' సెక్షన్‌కు నాలుగు పేజీల జిరాక్స్, ముప్పై అయిదు మార్కులకు సరిపడా. "ఇది బట్టీ కొట్టండి, గట్టెక్కుతారు" అంటారు. గట్టెక్కి యాడికి పోవాల? ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటే నెలలోపే వెనక్కి వస్తాడు. ముప్పై అయిదు మార్కులకు నేర్పిన పిల్లోడికి పై చదువు తలుపు మూసి, పాస్ సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు.

2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టినారు. పదో తరగతి మార్కుల మీద సీట్లు. సర్కారు బడి పిల్లలు వెనుకబడి ఉంటారని వాళ్ళకు అదనపు స్కోరు కలుపుతారు. మంచి పనే. కానీ సర్కారు బడిలో ఎవరికి అందుతా ఉంది ఆ సాయం? 'ఏ' సెక్షన్ వాళ్ళకే. వెనుకబడినోళ్ళ పేరుతో వచ్చిన మేలు, ఆ బడిలోనే వెనక్కి నెట్టబడినోళ్ళను దాటిపోతా ఉంది.

ఇంగ్లీషు మీడియం సంగతి

ఈ మాట చెప్తే కొందరు పెద్దలు లేచి "చూసినారా, ఇంగ్లీషు మీడియం వల్లనే ఈ గతి" అంటారు. ఆగండయ్యా. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మన పిల్లలకు తెలుగు తియ్యదనం చెప్పేవాళ్ళ మాట మనకొద్దు. ఇంగ్లీషు మనకు కావాల్సిందే.

కానీ ఎట్లా ఇచ్చినారో చూడండి. 2008-09లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 6,500 హైస్కూళ్ళలో 'సక్సెస్' పేరుతో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినారు. అదే బడిలో తెలుగు మీడియం అట్లనే ఉంది. ఒక బడి రెండు బడులయింది. రెండు మీడియాలకు రెండింతల టీచర్లు కావాల్సి ఉంటే, చాలా చోట్ల ఉన్న టీచర్లనే పంచినారు. పంచేటప్పుడు ఎవరి వాటా తగ్గుతుందో మనకు ఎవరైనా చెప్పాలనా? బోరునీళ్ళు వంతులు వేసుకుంటే చివరి మడి ఎండినట్టు, తెలుగు మీడియం సెక్షన్ ఎండింది. అందులో మిగిలింది మన పిల్లలే.

తర్వాత 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియమే ఉండాలని ప్రభుత్వం జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022లో జీవో 117తో బడుల్ని కలిపినారు, సెక్షన్లు తగ్గించినారు. 2025లో ఆ జీవోను తీసేసినారు. ఇన్ని జీవోలు వచ్చినాయి, పోయినాయి. మీడియం పేరు మారింది, బడి పేరు మారింది. ఉన్న లెక్కలాయన ఏ గదిలోకి ముందు పోతాడు అన్నదాని మీద మాత్రం ఒక్క జీవో కూడా మాట్లాడలేదు. 'ఏ' సెక్షన్ ఇంగ్లీషు మీడియం, 'బి' సెక్షన్ కూడా ఇంగ్లీషు మీడియమే అయినా, పాఠం చెప్పే మనిషి లేని గదిలో ఏ మీడియం అయితే ఏంది?

డబ్బు పథకాలు కూడా చూసినాం. అమ్మఒడి 2020 జనవరి 9న మన చిత్తూరులోనే మొదలైంది. 2025 నుంచి తల్లికి వందనం వచ్చింది. నాడు-నేడులో రంగులేసినారు, బెంచీలు తెచ్చినారు. ఇవన్నీ మనకు అవసరమే, ఎవరి దయా కాదు. 'ఏ' సెక్షన్ తల్లికి, 'బి' సెక్షన్ తల్లికి వచ్చే డబ్బు ఒకటే. రెండు గదులకూ రంగు ఒకటే. బిడ్డలకు అందే పీరియడ్లే ఒకటి కాదు.

మెరిట్ అనే మాట

"తెలివైనోళ్ళను, రానోళ్ళను ఒకచోట పెడితే ఇద్దరూ చెడతారు" అని స్టాఫ్ రూముల్లో వినపడే మాట. ఇది మన దేశంలోనే కాదు, అన్ని చోట్లా పైవాళ్ళు చెప్పే మాటే.

అమెరికాలో 1954లో నల్ల పిల్లలకు వేరే బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గేటు తెరుచుకుంది. ఆ తర్వాత ఆ దేశ రాజధాని వాషింగ్టన్‌లో ఏం జరిగింది? పరీక్షలు పెట్టి బడుల లోపలే పిల్లల్ని 'ట్రాకు'లుగా విడదీసినారు. కింది ట్రాకుల నిండా నల్ల పిల్లలు, పేద పిల్లలు. జూలియస్ హాబ్సన్ అనే నల్లజాతి ఉద్యమకారుడు కోర్టుకెక్కినాడు. 1967లో జడ్జి స్కెల్లీ రైట్ ఆ పద్ధతిని రద్దు చేసినాడు. ఆ పరీక్షలు పిల్లల శక్తిని కొలవడం లేదు, వాళ్ళు పుట్టి పెరిగిన పరిస్థితిని కొలుస్తున్నాయని తేల్చినాడు. మన సెక్షన్ లిస్టుకు ఇంతకంటే వేరే తీర్పు కావాల్నా?

ఫిన్లాండ్ అనే చిన్న దేశం 1970లలో పిల్లలందరికీ ఒకే రకం బడి పెట్టింది. 1980లలో లెక్కలు, భాషల్లో తెలివి ప్రకారం వేరు చేసే గుంపుల్ని కూడా తీసేసింది. వెనకబడిన పిల్లలకు అదనంగా టీచర్ను ఇచ్చింది. ఆ దేశం చదువుల్లో ప్రపంచానికి పేరు చెప్పుకునేదయింది.

అంత దూరం ఎందుకు? మన మదనపల్లె పక్కనే రిషివ్యాలీ ఉంది. ఆ పెద్ద బడిలో డబ్బున్నోళ్ళ పిల్లలు చదువుతారు, అది వేరే కథ. వాళ్ళ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. అక్కడ రకరకాల స్థాయిల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. నిచ్చెన మెట్లలాగా కార్డులు చేసి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ఎక్కిస్తారు. వేరే గదిలోకి తొయ్యలేదు. ఆ పద్ధతిని నేర్చుకునేదానికి వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చినారు. మనకు ముప్పై కిలోమీటర్ల లోపల సాధ్యమైంది మన హైస్కూల్లో ఎందుకు సాధ్యం కాదు?

నా సంగతి ఒక్క మాట. మా నాయన వేలిముద్ర మనిషి. మా వాడలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నేను చదివిన హైస్కూల్లో మా సెక్షన్ వరండాలో కూర్చునేది, వాన పడితే ఇంటికి పంపేవాళ్ళు. పక్క సెక్షన్ గదిలో పాఠం జరిగేది. కిటికీ పక్కన కూర్చొని ఆ పాఠం విన్నవాళ్ళం కొందరం పైకి వచ్చినాం. కిటికీ పక్కన చోటు దొరకనోళ్ళు నాకంటే తెలివి తక్కువోళ్ళు కాదు. వాళ్ళలో కొందరు ఇప్పుడు నేను పాఠం చెప్పే పిల్లల నాయనలు.

టీచర్లంతా శత్రువులు కారు

ఒక మాట స్పష్టంగా చెప్తా. ఇది అయివార్ల మీద యుద్ధం కాదు. ఖాళీలు నింపకుండా, ఒక్కరి చేత ముగ్గురి పని చేయించి, పైగా యాప్‌లో ఫొటోలెక్కించమని చంపుతా ఉంటే ఆ టీచరు ఏం చేస్తాడు? 'బి' సెక్షన్‌లో సాయంత్రం అయిదున్నర దాకా ఉండి చెప్పే టీచర్లు కూడా ఉండారు, వాళ్ళకు దండం పెట్టాల. మన కొట్లాట పంపకం మీద. కరువొచ్చినప్పుడు ఉన్న గింజల్ని అందరికీ సమంగా పంచాల. ఎవరికి ఎక్కువ ఆకలో వాళ్ళకు ముందు పెట్టాల. ఇప్పుడు జరుగుతా ఉండేది తలకిందులు.

ఇంకో మాట, మనకు మనం చెప్పుకోవాల్సింది. మన ఇళ్ళల్లో కూడా సెక్షన్లు ఉండాయి. అప్పు చేసి కొడుకును కాన్వెంటుకు పంపి, కూతుర్ని సర్కారు బడికి పంపే ఇండ్లు మన వాడల్లో లేవా? కోతకాలంలో పనికి ఆపేది కూతుర్నే కదా? సావిత్రీబాయి, జోతీబా ఫూలే 1848లో పూణేలో బడి పెట్టింది ఆడపిల్లల కోసం. వాళ్ళ ఫొటోకు దండేసి, ఇంట్లో బిడ్డను 'బి' సెక్షన్‌లో పెడితే అది ఉద్యమం కాదు.

ఏం చెయ్యల్ల?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల మెగా సమావేశాలు పెట్టినారు. కుర్చీలేసినారు, భోజనం పెట్టినారు, ఫొటోలు తీసినారు. మళ్ళీ పిలుస్తారు. ఈసారి పోయినప్పుడు "మా బిడ్డ ఎట్లా చదువుతుంది సార్?" అని అడగొద్దండి. దానికి "పరవాలేదమ్మా" అని జవాబొస్తుంది. "సార్, మా బిడ్డ సెక్షన్ టైంటేబుల్ చూపించండి" అని అడగండి.

చదువు రాని తల్లి కూడా చెయ్యగలిగిన పనులు చెప్తా, కార్యకర్తలు రాసుకోండి.

ఒకటి. ప్రతి వాడలో హైస్కూలుకు పోయే పిల్లలందర్నీ ఒక సాయంత్రం అంబేద్కర్ బొమ్మ కాడ కూర్చోబెట్టండి. ఎవరు ఏ సెక్షన్? నిన్న ఏ ఏ పీరియడ్‌కు ఎవరొచ్చినారు? నెల రోజులు ఒక నోటుపుస్తకంలో రాయించండి. పిల్లలే రాస్తారు. అదే మన సాక్ష్యం.

రెండు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాల. సగం మంది ఆడవాళ్ళుండాల. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ళ సంఖ్యకు తగినట్టు చోటుండాల. సంతకం కోసం ఇంటికి రిజిస్టరు పంపిస్తే పెట్టొద్దండి. బడికి పోయి చదివించుకొని పెట్టండి.

మూడు. చట్టంలో 8వ సెక్షన్ బలహీన వర్గాల పిల్లల మీద వివక్ష ఉండకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అంటుంది. 24వ సెక్షన్ ప్రతి పిల్లకూ ఎంత వచ్చో చూసి, కావాల్సినవాళ్ళకు అదనంగా చెప్పాలంటుంది. అదనంగా చెప్పమంది, వేరే గదిలోకి తొయ్యమనలేదు. ఈ చట్టం ఎనిమిదో తరగతి దాకానే. కానీ ఆరో తరగతిలో లిస్టు సరిచేస్తే పదోది తనకు తానే సగం సరవుతుంది.

నాలుగు. టైంటేబుల్ చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో ఇవ్వాల. ఏ సెక్షన్‌కు ఏ సబ్జెక్టు ఎవరు చెప్తున్నారు, ఎన్ని పోస్టులు ఖాళీ, ఎప్పటి నుంచి ఖాళీ అని అడగండి.

అయిదు. మన డిమాండ్లు నాలుగే. మార్కుల్ని బట్టి సెక్షన్లు వెయ్యడం ఆపాల, కలిపి వెయ్యాల. ఒక సబ్జెక్టుకు ఒకే టీచరుంటే రెండు సెక్షన్లకూ సమానంగా పోవాల. స్పెషల్ క్లాసు ముందు వెనకబడిన పిల్లలకు. ఖాళీ పోస్టు నింపేదాకా ఆ పీరియడ్ బాకీ ఎంతో నోటీసు బోర్డులో రాయాల.

ఈ నాలుగింటిలో మొదటి మూడింటికి ప్రభుత్వం ఒక్క రూపాయి ఖర్చు పెట్టాల్సిన పని లేదు. కాబట్టి "నిధులు లేవు" అనే మాట ఇక్కడ చెల్లదు. మనసు లేదని ఒప్పుకోవాల.

ఈ కొట్లాట మాల, మాదిగలది మాత్రమే కాదు. 'బి' సెక్షన్ బెంచీ మీద మన పిల్లల పక్కన కూర్చునేది సుగాలి పిల్ల, దూదేకుల పిల్ల, వడ్డెర పిల్లోడు. బెంచీ మీద పిల్లలు ఎప్పుడో కలిసినారు. వాళ్ళ తల్లిదండ్రులు కలవడమే మిగిలింది. ఈ సభ నుంచి ఇంటికి పోయినాక, మీ పక్క తండాకు, పక్క వీధికి పోయి ఆ తల్లిని కూడా పిలవండి. వచ్చే సోమవారం గేటు కాడ ఒక్కరుగా కాదు, పదిమందిగా నిలబడి టైంటేబుల్ అడుగుదాం.

జై భీమ్!